ఆడపడుచు అడిగిన వంతెన

గవర్నరుపేట, విజయవాడ
20-2-1972

వదినా,

గుణదల తిరునాళ్ళకు వస్తావని రెండు రోజులు గుడి మెట్ల దగ్గర కళ్ళు కాయలు కాసేలా చూశాను. నువ్వు రాలేదు గాని మీ ఊరి వాళ్ళు వచ్చారు. అడిగితే, “మాణిక్యమ్మ గారికి తీరికెక్కడిదండీ, సమితి మెంబరైంది గదా” అన్నారు. మా అన్నయ్య పెళ్ళాం పంచాయతీ సమితిలో మెంబరైన సంగతి నాకు తిరునాళ్ళలో, అదీ చెరుకుగడలు అమ్మేవాడి పక్కన నిలబడి తెలియాలా? ఇంతకన్నా అన్యాయం ఉందా?

సరే, కోపం తర్వాత తీర్చుకుంటాను. ఇప్పుడు నాకు నీతో పనిపడింది. ఇన్నేళ్ళుగా కాలేజీలో సివిక్స్ చెబుతున్నానా, ఇన్నాళ్ళకు యూనివర్సిటీ వాళ్ళు థీసిస్ రాయడానికి ఒప్పుకున్నారు. మన జిల్లాలో పంచాయతీ సమితులు ఏ మాత్రం పనిచేస్తున్నాయన్నది విషయం. ఊళ్ళ సర్పంచులంతా కలిసి కూర్చుని రోడ్లూ బళ్ళూ మంచినీళ్ళూ చూసుకునే సభే సమితి అని పిల్లలకు నోట్సు చెబుతాను. లోపల ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలియదు. నువ్వు చెప్పాలి. మీటింగులో నీ అభిప్రాయం ఎవరైనా అడుగుతారా? నువ్వు అడిగిన పని ఒక్కటైనా జరిగిందా? చేతులెత్తమన్నప్పుడు ఎవరి మాట మీద ఎత్తుతావు? దాచకుండా రాయి.

రమ్మని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు. అన్నయ్య పోయాక ఒక్కసారీ రాలేదని నీకు లోపల మంటగా ఉందని తెలుసు. ఆ మురుగుకాలవకు అడ్డంగా వేసిన తాటిమొద్దుల మీద నడవడం నావల్ల కాదు తల్లీ. ఎటూ మెంబరువైపోయావు గదా, వంతెన వేయించు, వస్తాను. ఆడపడుచు నోరు తెరిచి అడుగుతోంది, కాదంటావా?

నీ మరదలు
తెరేస


గరువుపాలెం
5-3-1972

తెరేసమ్మకు నీ వదిన దీవెనలు.

నేనేం గొప్పదాన్నయిపోలేదు. సమితిలో ఆడవాళ్ళు ఇద్దరుండాలని చట్టమట. ప్రెసిడెంటు వెంకటప్పయ్య గారు కాలవకు అవతల జీపాపి, పంచె ఎగ్గట్టుకుని మొద్దుల మీద నడిచొచ్చి, “మాణిక్యమ్మ గారూ, మీ పేరిచ్చేశామండి, మీరేం మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలు” అన్నారు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చునేది అక్కడ కూర్చుందామని ఒప్పుకున్నా. రెండో ఆమె సుబ్బరత్నం గారు గడప దాటదు. ఆవిడ సంతకం వాళ్ళాయన ఇంటికి పట్టుకెళ్ళి పెట్టించుకొస్తాడు.

నా కుర్చీ గుమ్మం పక్కన. ఫాను గాలి ప్రెసిడెంటు గారి దాకా వచ్చి ఆగిపోతుంది. అందరికీ టీ ఇస్తారు, నాకు మాత్రం గోలీసోడా తెప్పిస్తారు. ఆడమనిషికి నలుగురిలో టీ ఇస్తే బాగుండదని ఎవరికి తోచిందో మరి. మొన్న ఆ సోడా తాగి, బి.డి.ఓ. గారు లెక్కలు చదువుతుంటే తేన్పొచ్చింది. అందరూ నా వంక చూశారు. ఇంతవరకూ వాళ్ళు నా వంక చూసింది ఆ ఒక్కసారే. అభిప్రాయం అడుగుతారా అన్నావుగా, ఇదీ సంగతి.

అడిగిన పని కూడా ఉంది. మన ఊరినానుకుని పల్లెపాలెం ఉంది చూడు, జాలరి వాళ్ళది, వాళ్ళకు కాన్పుల గదీ ఒక నర్సూ కావాలని వెళ్ళిన ప్రతిసారీ అడుగుతున్నా. రాసుకుంటారు. రాసుకోవడంలో ఏ లోటూ చెయ్యరు.

వంతెన మాట రాశావు. అది చదివి అన్నం పొయ్యి మీద మాడుతున్నా లేవలేకపోయాను. ఆసుపత్రికని మీ అన్నయ్యను మంచంతో అవతలికి మోసుకుపోతుంటే పల్లెపాలెం జక్కయ్య కాలు జారింది. మంచం ఒరిగింది. ఎలాగో నిలదొక్కుకున్నారు గాని, బస్సు రోడ్డు చేరేసరికి మీ అన్నయ్యకు మాట పడిపోయింది. ఆ మొద్దులు చూడడం నీకెంత కష్టమో నాకు తెలియదా? ఆడపడుచు పుట్టింటికొచ్చి ఏది అడిగినా లేదనకూడదని మా అమ్మ చెప్పి పంపింది. ఆయన లేరు గనక పెట్టవలసినదాన్ని నేనే. చూస్తానుండు.

ఇల్లు బోసిగా ఉంది తెరేసా. పలకరించే మనిషి లేక రేడియోలో వార్తలు చదివే ఆయనకు జవాబులు చెబుతున్నాను.

మాణిక్యమ్మ


విజయవాడ
22-3-1972

వదినా,

నీ సోడా కథ స్టాఫురూములో చదివి వినిపించాను. మా ప్రిన్సిపాలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. ఇంకా ఇలాంటివి రాయి.

పల్లెపాలెం కాన్పుల గది మాట నాకు బాగా పనికొస్తుంది. మెంబరుగా వచ్చిన ఆడమనిషి అడిగిన పని సమితిలో నెగ్గుతుందా లేదా అన్నదే నా థీసిస్‌లో అసలు పరీక్ష. అది గనక సాధించావంటే మొదటి పేజీలో నీ గురించే రాస్తాను. వంతెన కూడా చూస్తానన్నావు, చూడు మరి, నేను పెట్టె సర్దుకునే కూర్చున్నా.

నీ చుట్టూ ఇప్పుడు సర్పంచులూ జీపులూ, పనుల కోసం వచ్చేపోయే జనం. ఇక్కడ నా గది తలుపు కొట్టేది పాలవాడొక్కడే. నిన్ను చూస్తే అసూయగా ఉంది.

తెరేస


గరువుపాలెం
30-4-1972

తెరేసమ్మకు,

ఎండలు మండిపోతున్నాయి. కాలవలో నీళ్ళు అడుగంటి చేపల వాసన. బియ్యంలో వేసుకోమని వేపాకు ఎండబెట్టాను, నీకూ పంపిస్తా.

మొన్న సమితిలో పెద్ద గొడవ. మన వైపు ఈ యేడు ఒక్క పనే మంజూరు చేస్తామని ముందే కబురు పంపారు. కాలవ మీద వంతెనా, పల్లెపాలెంలో కాన్పుల గదా, తేల్చుకోమన్నారు. చేతులెత్తితే అటూ ఇటూ సమానమయ్యాయి. ఇంకా ఎత్తనిది గుమ్మం దగ్గర నా చెయ్యొక్కటే. అంతమందీ వెనక్కి తిరిగి నా వంక చూశారు. ఈసారి తేన్పు రాలేదు.

వంతెనకు ఎత్తాను.

పల్లెపాలెం ఆడవాళ్ళ దగ్గరికి ముందురోజే వెళ్ళి చెప్పొచ్చాను. ఏం చెప్పానో నీకు రాయను, నువ్వు పుస్తకంలో వేసేస్తావు. వచ్చే యేడు కాన్పుల గది కోసం నేనే కొట్లాడతానని వాళ్ళ చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. మంచి పని చేశానో చెడ్డ పని చేశానో నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి.

మాణిక్యమ్మ


విజయవాడ
15-5-1972

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వే అడిగి, నువ్వే పోట్లాడి, తీరా చెయ్యెత్తే వేళకు కాన్పుల గదిని వదిలేశావంటే నమ్మలేకపోతున్నాను. వెంకటప్పయ్య గారు ముందుగా ఇంటికొచ్చి నీతో మాట్లాడారా? భయపెట్టారా? చెప్పడానికి ఇష్టం లేకపోతే వద్దులే. చాలా సమితుల్లో ఇలాగే జరుగుతోందని పుస్తకాల్లో కూడా ఉంది.

మంచో చెడ్డో చెప్పమన్నావు. థీసిస్ రాసేవాళ్ళం అలా తీర్పులు చెప్పకూడదు. చూసింది చూసినట్టు రాయాలి, అంతే.

వేసవి సెలవులన్నీ పరీక్ష పేపర్లు దిద్దడానికే సరిపోయేలా ఉన్నాయి. వేపాకు అందింది.

తెరేస


గరువుపాలెం
10-9-1972

తెరేసమ్మకు,

వంతెన అయిపోయింది. మొన్న ఆదివారం పూజ కాగానే ఫాదరు గారు వచ్చి నీళ్ళు చల్లి దీవించారు. వెంకటప్పయ్య గారు రిబ్బను కత్తిరించారు. పక్కన నిలబడమన్నారు గాని ఫోటో తీసేటప్పుడు ఎవరో అడ్డమొచ్చారులే. రెండు వైపులా పిట్టగోడలున్నాయి, పట్టుకుని నడవొచ్చు. జీపు పట్టదు గాని రిక్షా నిక్షేపంగా వస్తుంది. బస్సు దిగి, పెట్టె రిక్షాలో పడేసి, గుమ్మంలో దిగడమే నీ పని.

తూర్పు గదికి సున్నం వేయించాను. మంచానికి కొత్త నవారు అల్లించాను. రాసుకోవడానికి బల్ల కావాలంటావని మీ అన్నయ్య బల్లనే అందులోకి జరిపించాను. దాన్ని జరిపేటప్పుడు మటుకు దుఃఖం ఆగలేదు.

దసరా సెలవులెన్నాళ్ళు? ఏ బస్సుకొస్తావో ముందుగా రాస్తే కాలవ దగ్గరికి వచ్చి నిలబడతాను.

మాణిక్యమ్మ


విజయవాడ
25-9-1972

వదినా,

చాలా సంతోషం. మంజూరైన ఆర్నెల్లలోపు పూర్తయిన పని నా పట్టికలో ఇదొక్కటే. మిగతావన్నీ పునాదుల్లోనే ఉన్నాయి. కంట్రాక్టరు ఎవరో, ఊరివాళ్ళు కూడా చెయ్యి వేశారో రాయగలవా?

దసరా సెలవుల్లో కాలేజీలో సెమినారు పెట్టారు. నా థీసిస్‌లో కొంత భాగం అక్కడ చదవాలి. పేపర్లవాళ్ళు కూడా వస్తారట, కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఈసారికి రాలేను, ఏమనుకోకు. నీ ఇంటికి నలుగురూ వస్తూ పోతూనే ఉంటారుగా, నేను లేని లోటేం తెలుస్తుంది.

తెరేస


గరువుపాలెం
6-11-1972

తెరేసా,

నువ్వు సెమినారులో చదివింది పేపర్లో పడింది. ఫాదరు గారు తెచ్చి ఇచ్చారు. నీ ఫోటో బాగుంది, చిక్కిపోయావు.

“సమితుల్లో స్త్రీ సభ్యులు అధ్యక్షుల చేతిలో కీలుబొమ్మలు. డెల్టాలోని ఒక సమితిలో, బెస్తల కోసం కాన్పుల గది తానే కోరిన సభ్యురాలు, అధ్యక్షుని ఒత్తిడికి లొంగి ఇంకో పనికి ఓటు వేసింది.” నా పేరు వెయ్యలేదు, మన ఊరి పేరు వెయ్యలేదు. అయినా సమితిలో ఆ పేపరు చేతులు మారింది. వెంకటప్పయ్య గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, “చూశారా మాణిక్యమ్మ గారూ, మీరు నా మాట విన్నారటండీ” అని నవ్వారు. ఆయన నవ్వక ఏం చేస్తారు? ఆ రోజు ఆయన కాన్పుల గదికే ఎత్తమన్నారు. పల్లెపాలెం ఓట్లు ఆయనకు కావాలి. నన్ను పక్కకు పిలిచి రెండుసార్లు చెప్పారు కూడా. ఆయన మాట కాదని, మొహం మీదే ఎత్తిన చెయ్యి తెరేసా నాది.

ఎవరి మాట మీద ఎత్తుతావని మొదటి ఉత్తరంలో అడిగావు. నీ మాట మీద ఎత్తాను.

పల్లెపాలెం ఆడవాళ్ళతో ఏం చెప్పానో ఇప్పుడు రాస్తాను, వేసుకుంటే వేసుకో. “మా ఆడపడుచు ఆ మొద్దులు దాటి రాలేనంది. వంతెన వేస్తే వస్తానంది. ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను. ఈ ఒక్క యేడూ నాకు వదిలెయ్యండి” అని అడిగాను. జక్కయ్య పెళ్ళాం నా చెయ్యి పట్టుకుని, “ఇన్నేళ్ళున్నాం, ఇంకో యేడుండలేమా అమ్మగారూ, వేయించుకోండి” అంది. వాళ్ళు అలా అన్నారు గనకే ఎత్తగలిగాను.

పేపర్లో వేసింది మార్పించమని రాయడం లేదు. కాన్పుల గది పోగొట్టిన మాట నిజమే. ఒంటరితనం తట్టుకోలేక ఓటేసినవాళ్ళను మీ పుస్తకాల్లో ఏ వరుసలో రాస్తారో నాకు తెలియదు.

వంతెన మీదుగా అందరూ వస్తున్నారు. నువ్వు తప్ప.

మాణిక్యమ్మ


విజయవాడ
4-2-1973

వదినా,

నీ నవంబరు ఉత్తరం నాకు అప్పుడే అందింది. జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. ఆ తర్వాత ఇక్కడ కాల్పులూ కర్ఫ్యూలూ మొదలయ్యాయి. ప్రత్యేకాంధ్ర గొడవలు నీకు రేడియోలో తెలుస్తూనే ఉంటాయి. కాలేజీ మూసేశారు. హాస్టలు పిల్లలు పెట్టెలు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. మా మేడలో అద్దెకున్న రెండు కుటుంబాలూ ఊళ్ళకు పోయాయి. నేనొక్కదాన్నే మిగిలాను. పాలవాడు కూడా రావడం మానేశాడు.

వంతెన మాట నేను సరదాకి అన్నాను వదినా. వదినా మరదళ్ళం, ఒకరినొకరం ఆడించుకోకుండా ఏనాడున్నాం? నువ్వు దాన్ని మనసులో పెట్టుకుంటావని, దానికోసం అంతమంది మధ్య అలా నిలబడతావని నాకు తోచలేదు. తోచవలసింది. నాకు భయం ఆ మొద్దులంటే కాదు. గుమ్మంలో అడుగుపెడితే “ఏమే తెరేసా” అనే పిలుపు వినబడదని భయం. అందుకే పేపర్లూ సెమినార్లూ చెప్పి తప్పించుకున్నాను. నీ ఇంటికి జనం వస్తూ పోతూ ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

నన్ను క్షమించమని అడగను. వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను, తిట్టు. అవనిగడ్డ బస్సులు పగటిపూట తిరుగుతున్నాయట. ఈ నెలాఖరుకు బయల్దేరతాను. నాలుగు రోజులకు కాదు. కాలేజీ తెరిచేదాకా ఉంటాను. తెరిచాక కూడా మన తాలూకాలో ఏ హైస్కూల్లోనైనా చోటు దొరుకుతుందేమో చూడాలనుంది. ఇక్కడ ఈ గోడలతో నేను వేగలేను వదినా. తూర్పు గది నాకుంచు.

తెరేస


గరువుపాలెం
3-2-1973

తెరేసమ్మకు నీ వదిన దీవెనలు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అక్కడ కర్ఫ్యూలని అందరూ అంటున్నారు. క్షేమమని ఒక్క కార్డు ముక్క రాయి. కోపంలో ఏవేవో రాశాను, మనసులో పెట్టుకోకు. నాకిప్పుడు నీ మీద ఏ కోపమూ లేదు.

ఇక్కడి సంగతులు రాస్తున్నా. సర్కారు ఉద్యోగుల సమ్మె వచ్చినప్పట్నుంచీ సమితి ఆఫీసుకు తాళం. మీటింగుల్లేవు. ఈ యేడు కొత్త పనుల మాటే ఎత్తొద్దని వెంకటప్పయ్య గారు చెప్పేశారు. నేను మాటిచ్చిన యేడు ఇదే. క్రిస్మసు దాటాక జక్కయ్య కోడలికి నొప్పులొచ్చాయి. వంతెన మీదుగా రిక్షాలో సర్కారు ఆసుపత్రికి తీసుకెళితే అక్కడా తాళమే. కోడలు బతికింది గాని బిడ్డ దక్కలేదు. నేనూ వెంట ఉన్నాను. తిరిగొస్తుంటే జక్కయ్య పెళ్ళాం నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడే మిషను ఆసుపత్రికి వెళ్ళి మదరు గారి దగ్గర కూర్చున్నా. మూడుసార్లు వెళ్ళాక, “నర్సునిస్తాం, ఉండడానికి గదీ, మంచం వేసుకునే చోటూ మీరివ్వండమ్మా” అన్నారు. సమితి ఇవ్వకపోతే నేనివ్వకూడదా అనిపించింది. తూర్పు గది ఇచ్చేశాను.

అమలమ్మ అని నూజివీడు దగ్గర పిల్ల. వచ్చి పది రోజులైంది. మీ అన్నయ్య బల్ల మీద మందుల సీసాలు సర్దుకుంది. పల్లెపాలెం వాళ్ళు నేరుగా మన వాకిట్లోకే వస్తున్నారు. ఒక కాన్పు గదిలోనే అయింది, ఆడపిల్ల. అమలమ్మకు తల్లీ తండ్రీ లేరు. నన్ను పెద్దమ్మా అంటుంది. నేను వడ్డించకపోతే తినదు. రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ ఇల్లులా ఉంది తెరేసా. రేడియో పెట్టడమే మర్చిపోతున్నాను.

నీకోసం ఉంచిన గది ఇచ్చానని బాధపడవుగా? నీకు అక్కడ కాలేజీ, పిల్లలు, పేరు ఉన్నాయి. నువ్వు రావని నాకు అర్థమైపోయింది. ఎన్నాళ్ళని కొత్త నవారు మీద దుమ్ము దులుపుతాను? ఎప్పుడైనా ఒక పూట చూడ్డానికొస్తే నా మంచం పక్కన చాప వేస్తాలే.

మాణిక్యమ్మ


విజయవాడ
12-2-1973

వదినా,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నాది కర్ఫ్యూలో దిగులు పుట్టి రాసింది, పట్టించుకోకు. కాలేజీ త్వరలోనే తెరుస్తారంటున్నారు. పిల్లలకు పాఠాలన్నీ మిగిలిపోయాయి, సెలవుల్లో కూడా చెప్పాల్సి వచ్చేలా ఉంది. ఇప్పట్లో రావడం కుదరదు. హైస్కూలు మాట కూడా ఊరికే రాశాను.

గది ఇచ్చి మంచి పని చేశావు. అప్పుడు తీర్పు చెప్పనన్నాను గదా, ఇప్పుడు చెబుతున్నాను. నాకోసమని అమలమ్మను కదిలించావంటే ఒప్పుకోను. అలా చేశావంటే నిజంగానే మాట్లాడను.

థీసిస్‌లో నీ గురించి రాసిన పేజీ కొట్టేశాను. మీ సమితి పనిచేసిందని రాయాలో చెయ్యలేదని రాయాలో తేలక ఆ చోటు అలాగే వదిలేశాను. పేపరుకు కూడా తప్పు దిద్దుతూ రాశాను, వేస్తారో లేదో తెలియదు.

నేను కులాసాగా ఉన్నాను. పాలవాడు మళ్ళీ వస్తున్నాడు.

తూర్పు గది కిటికీ వానలకు ఉబ్బిపోయి మూతపడదు. కింది రెక్కను కొంచెం పైకెత్తి, అప్పుడు లాగాలి. బలం పెడితే గడియ ఊడొస్తుంది. చిన్నప్పుడు అన్నయ్య నాకు చూపించాడు. అమలమ్మకు తెలియదు గదా, వానాకాలానికి ముందే చెప్పు.

తెరేస